ఏడో పంక్తి

బహ్రెయిన్‌లో, అరాద్‌లో నేను పనిచేసిన ఇంటి పై అంతస్తులో ఒక తెల్లవాళ్ల జంట అద్దెకుండేది. ఆయన విమానాశ్రయంలో ఇంజినీరు, ఆవిడ చిన్నపిల్లలకు చదువు చెప్పేది. తొంభై ఆగస్టులో కువైట్ మీదికి ఇరాక్ సైన్యం వచ్చిపడిన తర్వాత నెల తిరక్కుండానే ఇద్దరూ వెళ్లిపోయారు. సామాను సగం వదిలేశారు. పనికొచ్చేవి కిందికి తెచ్చి మిగతావి చెత్తలో వెయ్యమని మేడం నన్ను పైకి పంపింది. గిన్నెలూ, పరదాలూ, ఒక టేబుల్ ఫ్యానూ కిందికి తెచ్చాను. ఒక అట్టపెట్టె నిండా పుస్తకాలున్నాయి. వాటినేం చెయ్యాలని అడగడానికి నాకు నోరు రాలేదు. అడిగితే, నీకు చదువొచ్చా అంటుంది. నేను ఇంటర్ పాసయ్యానని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. చెప్పొద్దని ఊళ్లో ఏజెంటే అన్నాడు. చదువుకున్న పనిమనిషి ఎదురు మాట్లాడుతుందని ఇక్కడివాళ్లు అనుకుంటారట.

పెట్టె చెత్తలో వేశాను. ఒక పుస్తకం మాత్రం ఇస్త్రీ బట్టల మధ్య పెట్టి దాచుకున్నాను.

దాని అట్ట మీద మంచులో రైలు పట్టాల పక్కన ఇద్దరు పిల్లలు మనవైపు వీపు పెట్టి నిలబడి ఉన్నారు. ఫిన్లాండ్ దేశపు నవల, ఇంగ్లీషులోకి మార్చింది. ఫిన్లాండ్ అనే పేరు ఎప్పుడో జాగ్రఫీ పరీక్షలో రాశాను గానీ అది ఎక్కడుందో, అక్కడ మనుషులు ఏం తింటారో నాకు తెలియదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇల్లంతా రెండు గంటలు నిద్రపోయేది. అప్పుడు డాబా మీద ఇస్త్రీ గదిలో కూర్చుని చదివేదాన్ని. రోజుకి రెండు పేజీలు, ఒక్కోరోజు ఒకటే. నా దగ్గర అరచేతంత డిక్షనరీ ఉండేది. తెలియని మాటలూ వాటి అర్థాలూ డైరీలో రాసుకునేదాన్ని. ఏదో బ్యాంకు వాళ్లు పంచిన డైరీ అది, తేదీలు రెండేళ్ల కిందటివి. నాకు తేదీలతో పనిలేదు కాబట్టి సరిపోయింది.

కథ చెప్పేవాడికి పదకొండేళ్లు. తమ్ముడికి ఎనిమిది. స్టేషను పక్కన చిన్న ఊరు. తండ్రి యుద్ధానికి వెళ్లాడు, తల్లి ఆసుపత్రి బట్టలు ఉతుకుతుంది. కాఫీ గింజలు దొరక్క ఏవో వేళ్లు వేయించి, పొడి కొట్టి, దాన్నే కాఫీ అంటారు. పిల్లలు పట్టాల పక్కన బొగ్గు ఏరుకుంటారు, కర్ర తుపాకులతో ఆడుకుంటారు. శత్రువుగా ఉండడానికి ఎవరూ ఒప్పుకోరు కాబట్టి ప్రతిసారీ తమ్ముడే శత్రువు. సగం పుస్తకం అయ్యేదాకా నాకు యుద్ధం ఎక్కడా కనిపించలేదు. కనిపించేది ఆ ఊరి పాస్టరు. యుద్ధంలో ఎవరైనా చనిపోతే కబురు ఆయనకే వస్తుంది. ఆయన సైకిలు మీద వెళ్లి ఆ ఇంట్లో చెప్పాలి. ఆయన సైకిలు వీధి మలుపు తిరిగితే ఆడవాళ్లందరూ కిటికీల వెనక నిలబడి, ఏ గేటు దగ్గర దిగుతాడా అని చూస్తారు. పిల్లలు ఆయనకు ముందు పరిగెడతారు. తమ గేటు దాటిపోతే కేకలు వేసి నవ్వుతారు. తర్వాతి గేటు ఎవరిదో గుర్తొచ్చి నోరు మూసుకుంటారు.

శుక్రవారాలు మా బాబా, మేడం, పిల్లలూ అందరూ గలాలీలో బాబా తల్లిగారింటికి భోజనానికి వెళ్లేవారు. ఇక్కడ ఇంటి యజమానిని బాబా అంటాం. ఆవిడ ఇంట్లో ఆ రోజు పాతికమంది దాకా తినేవాళ్లు. పని ఎక్కువ కాబట్టి నన్నూ తీసుకెళ్లేవారు. అక్కడ వంటచేసే ఆవిడ మా గోదావరి వైపు మనిషే. మా ఊరికి రెండు కాలవల అవతల వాళ్లది. వయసు నలభై దాటి ఉంటుంది, నేను అక్కా అనేదాన్ని. ఎనిమిదేళ్లుగా ఆ ఇంట్లోనే ఉంది. చేపలు కడగడం, పెద్ద గిన్నెడు బియ్యంలో రాళ్లేరడం, వడ్డించాక మళ్లీ ఆ గిన్నెలన్నీ తోమడం, ఇవే మా శుక్రవారాలు.

నేను ఇంగ్లీషు మాటలు మరిచిపోకుండా లోపల్లోపల అనుకుంటూ ఉంటానని ఆవిడే కనిపెట్టింది.

"ఏంటే పిల్లా, ఎప్పుడు సూసినా పెదాలు కదుపుతా ఉంటావు? ఎవరికైనా సేతబడి సేత్తున్నావేంటి?" అంది.

అప్పటిదాకా పుస్తకం సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఎందుకో ఆవిడకి చెప్పాను. అయితే ఆ కత సెప్పు, సేతులు పనిలో ఉంటాయి కదా, సెవులు కాళీయే అంది. ఆ శుక్రవారం నుంచి చేపలు కడుగుతూ నేను ఆ నవల చెప్పడం మొదలుపెట్టాను. మనుషుల ముందు నాలుగు మాటలు కలిపి మాట్లాడలేని నేను, చేపల తొట్టి మీద తల వంచుకుని గంటసేపు చెప్పేదాన్ని. పిల్లల పేర్లు పలకడం ఇద్దరి వల్లా కాలేదు. పెద్దోడు, చిన్నోడు అని ఆవిడే పెట్టింది. పాస్టరంటే ఆవిడకి వెంటనే అర్థమైంది, వాళ్ల ఊళ్లోనూ ఉన్నారు. మంచు మాత్రం ఎంత చెప్పినా నమ్మలేదు. కొబ్బరి నూనె గడ్డకట్టినట్టు నేల గడ్డకడుతుందంటే, మరి బావులో నీళ్లెలా తోడుకుంటారే అని నన్ను నిలదీసింది. పుస్తకంలో బావుల గురించి రాయలేదు.

"పిల్లలకి సెప్పులున్నాయా?"

"బూట్లున్నాయక్కా. అన్నవి చిన్నవైతే తమ్ముడికి."

"మరింకేం. మావోడు పదో తరగతి దాకా సెప్పులెరగడు."

మా డ్రైవరు కూడా వినేవాడు. అతనిది తెలంగాణ, కరీంనగర్ అవతల. వంటింటి గడప మీద కూర్చుని పళ్లెం ఒళ్లో పెట్టుకుని తినేవాడు. కథ మధ్యలో అడ్డం వచ్చి ఏదో ఒకటి అనకపోతే అతనికి తోచదు.

"చెల్లె, గా పొరగాండ్లకు అయ్య ఇంట్ల లేడు, అమ్మ పనికి వోతది. ఇగ బడికి ఎవలు తోలుతున్నరు?" అన్నాడు ఒకసారి. "మా అయ్య దుబాయి వోయిండు, తెల్లారి నేను బడి బంద్ వెట్టిన."

"ఆయన దుబాయేనా, ఇంకెక్కడికైనానా? మీకు అన్నీ దుబాయే కదా" అంది అక్క.

"మస్కట్. అయినా మా ఊర్ల దుబాయే అంటరు. నన్ను గూడ గంతే. బహ్రెయిన్ అని చెప్పిన, గది దుబాయిల ఏడుంటదిరా అన్నరు."

అక్క నవ్వింది. ఆ రోజుల్లో ఆవిడ నవ్వడం అరుదు. ఆవిడ కొడుకు కువైట్‌లో ఉన్నాడు.

ఇరవై ఏళ్లవాడు. ఒక దర్జీ దుకాణంలో కాజాలు కుట్టే పని. వెళ్లి ఏడాది కూడా కాలేదు. జూన్‌లో ఒకసారి గలాలీ ఇంటికి ఫోను చేశాడట. అన్నం తింటున్నాను, బాగానే ఉన్నాను, నువ్వెలా ఉన్నావు అన్నాడు. మళ్లీ అన్నం తింటున్నాను అన్నాడు, అంతలో ఫోను ఆగిపోయింది. ఆగస్టు తర్వాత ఏ కబురూ లేదు. మా వైపు నుంచి కువైట్ వెళ్లినవాళ్లు చాలామంది ఎడారి దాటి, జోర్డాన్ నుంచి విమానాల్లో బొంబాయికి చేరారు. ఊళ్లో ఉన్న అక్క తమ్ముడు వాళ్లందరినీ వెతుక్కుంటూ వెళ్లి అడిగాడు. సరిహద్దు గుడారాల్లో జ్వరంతో పడి ఉండగా చూశామని ఒకరన్నారు. అసలు కువైటే దాటలేదని ఇంకొకరన్నారు. తమ్ముడి ఉత్తరాలు అక్కకి నేనే చదివేదాన్ని, జవాబులూ నేనే రాసేదాన్ని. డిసెంబరు మొదట్లో ఆవిడ చెప్పగా ఒక ఉత్తరం రాశాను. ఈ నెలాఖరుకి ఒప్పందం అయిపోతుంది, కొత్త సంవత్సరం మొదటి వారంలో టిక్కెట్టు ఇస్తారు, వచ్చేస్తున్నాను అని.

ఆ ఉత్తరం వెళ్లిన వారానికే ఆవిడ మనసు రెండుగా చీలింది. బాబా తల్లి, ఆ పెద్దావిడ, మంచిగానే అడిగింది. వెళ్తానంటే టిక్కెట్టు సిద్ధంగా ఉంది, ఉంటానంటే ఇంకో రెండేళ్లకి కాగితం రాయిస్తాను, నీ ఇష్టం అంది.

"ఆడి దగ్గరున్న ఫోను నెంబరు ఈ ఇంటిదొక్కటే" అంది అక్క నాతో. "బతికుంటే ఎప్పటికైనా ఇక్కడికే సేత్తాడు. నేనెల్లిపోయాక సేత్తే ఈళ్లు అరబ్బీలో ఏదో అని పెట్టేత్తారు. ఆడు బతికుంటే నేనిక్కడే ఉండాల. లేకపోతే ఇక్కడ నాకేం పనే? ఎల్లి మా అత్త దగ్గర కూకుని ఏడుత్తాను."

ఆవిడ అడిగింది ఉండనా వెళ్లనా అని కాదు. కొడుకు ఉన్నాడా లేడా అని. దానికి నేనేం చెప్పగలను? నా ముందున్న వంకాయలు తరిగాను.

నాకప్పటికి ఆ నవల ముగింపుకి వచ్చింది. కథలో పెద్దోడికి ఒక ఆలోచన వస్తుంది. పాస్టరు సైకిలు నడవకపోతే కబురు రాదు కదా. చర్చి గోడకి ఆనించి ఉన్న సైకిలు రెండు చక్రాల్లోనూ గాలి తీసేసి, గాలి పంపు ఎత్తుకుపోయి బొగ్గుల గుట్టలో పాతిపెడతాడు. ఆ భాగం చెప్పినప్పుడు అక్క, మంచి పని సేశాడు నా తండ్రి అని తడిచేత్తోనే నా వీపు తట్టింది. నేను అక్కడ ఆపేశాను. తర్వాతి పేజీ ఇస్త్రీ గదిలో అప్పటికే చదివేశాను. చదివి, నమ్మలేక, డిక్షనరీ దగ్గర పెట్టుకుని మళ్లీ మళ్లీ చదివాను. రెండు వారాలుగా ముందుకి వెళ్లలేదు. అక్కకి మాత్రం ఇంకా చదవలేదని చెప్పాను.

డిసెంబరు చివరి శుక్రవారానికి ముందు శుక్రవారం ఆవిడ అడిగింది, ఆ పుస్తకం తీసుకురాగలవా అని.

వాళ్ల అత్తగారు ఏదైనా తేలనప్పుడు రామాయణంలో శకునం చూసేదట. తలస్నానం చేసి, మనసులో అడగాల్సింది అడిగి, కళ్లు మూసుకుని పుస్తకం తెరవాలి. కుడివైపు పేజీలో పైనుంచి ఏడో పంక్తి చదివించాలి. మా అమ్మమ్మా అలాగే చూసేది కాబట్టి నాకు వింతగా అనిపించలేదు. కానీ ఇది రామాయణం కాదు.

"ఇది కథల పుస్తకం అక్కా."

"రామాయణం మటుకు కత కాదేంటే? సదివేవాళ్లుంటే ఏ పుత్తకమైనా పలుకుద్ది."

"ఇంగ్లీషులో ఉంటుంది."

"నువ్వున్నావుగా."

కాదనడం నాకు చేతకాదు. కాదనవలసిన చోట తల ఊపి వచ్చి, తర్వాత డైరీలో రాసుకునే మనిషిని నేను. మరుసటి శుక్రవారం పిల్లల బట్టల సంచీ అడుగున పుస్తకం పెట్టి గలాలీ తీసుకెళ్లాను. మగవాళ్లు తిని ముందు గదిలోకి వెళ్లారు. ఆడవాళ్లు టీ దగ్గర కూర్చున్నారు. అక్క ఆ రోజు తలకి పోసుకుని, తడి జుట్టు ముడి వేసుకుని ఉంది. పెద్ద బియ్యం గిన్నె బోర్లించి, దాని మీద ఉతికిన తుండు పరిచి, పుస్తకం పెట్టింది. చేతులు మూడుసార్లు తుడుచుకుంది. కళ్లు మూసుకుని చాలాసేపు అలాగే ఉండి, తెరిచింది.

కుడివైపు పేజీ. పైనుంచి లెక్కపెట్టాను. ఏడో పంక్తి: ఆయన గాలిలేని సైకిలు నడిపించుకుంటూ వచ్చి, మా గేటు దగ్గర ఆగి, టోపీ తీశాడు.

అక్కడే తెరుచుకోవడంలో వింతేమీ లేదని నాకు చాలా రోజుల తర్వాత తట్టింది. రెండు వారాలు ఆ పేజీ దగ్గరే తెరిచి, బోర్లించి, దాని మీద బట్టలు పెట్టి దాచింది నేనే. ఎవరు తెరిచినా అక్కడే తెరుచుకుంటుంది. ఆ క్షణంలో అది తోచలేదు. ఆ అక్షరాలు ఆవిడ కోసమే లేచి నిలబడినట్టనిపించింది. ఆవిడ నా మొహంలోకే చూస్తోంది.

"ఏముందే?"

"రైలు ఆగింది. నాన్న దిగాడు. అని ఉందక్కా."

"ఎవుడి నాన్న? పెద్దోడి నాన్నేనా?"

"అవును."

ఆవిడ ఆ పుస్తకాన్ని రెండు కళ్లకీ అద్దుకుంది. లేచి వెళ్లి టీ గ్లాసుల మధ్య కూర్చున్న పెద్దావిడతో, వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో, నేను ఉంటాను అని చెప్పింది. రెండు రోజుల తర్వాత కాగితం మీద వేలిముద్ర వేసింది. వెళ్లడం లేదని తమ్ముడికి ఉత్తరం కూడా నేనే రాశాను. ఆ వారం డైరీలో నేను రాసింది రెండే వాక్యాలు. ఒకటి పుస్తకంలో ఉన్నది. రెండోది నేను చెప్పింది.

ఆ తర్వాత కథ నాకు పెద్ద బరువైపోయింది. నవలలో తండ్రి లేడు, నేను చెప్పే కథలో ఉన్నాడు. ఇంటికి వచ్చిన ఆ తండ్రి ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. గేటు బాగుచేయించాను. కట్టెలు కొట్టించాను. పొయ్యి పక్కన కూర్చోబెట్టాను. అక్క రెండు శుక్రవారాలు విని, నాన్నొచ్చాక కత సప్పబడిపోయిందే పిల్లా అంది. అవునక్కా అన్నాను. ఆ తర్వాత అడగలేదు, నేనూ చెప్పలేదు.

జనవరి మధ్యలో యుద్ధం మొదలైంది. విషవాయువు లోపలికి రాకుండా కిటికీలకి ప్లాస్టిక్ కాగితం వేసి టేపు అంటించాం. మేడం ఒక గదిలో నీళ్ల సీసాలూ, డబ్బా పాలూ, పిల్లల మాస్కులూ పెట్టింది. సైరన్ మోగితే అందరం అందులోకి వెళ్లాలి. పని ఆగేది కాదు. సైరన్ ఆగాక వచ్చి మళ్లీ అదే గిన్నె తోమేదాన్ని. విమానాశ్రయం పక్కనే కావడంతో రోజూ మోతకి అదిరే అరాద్ ఇంటి మీద, మామూలు విమానాలు ఆగిపోయి యుద్ధ విమానాలే మిగిలాయి. ఉత్తరాలు రావడం ఆగిపోయింది. గలాలీలో ఫోను మోగితే అక్క చేతిలో ఏది ఉంటే అది వదిలేసి పరిగెత్తేదట. ఒకసారి వేడి నూనె గరిటెతోనే పరిగెత్తిందని, ఖలాస్, ఖలాస్, ఇక చాలు, నీకు కాదు అని పెద్దావిడే పట్టుకుని ఆపిందని డ్రైవరు చెప్పాడు. చెప్పి, ఎప్పటిలా నవ్వించే మాట ఒకటి వెతుక్కున్నాడు గానీ దొరకలేదు.

ఫిబ్రవరి ఆఖరుకి యుద్ధం అయిపోయింది. కువైట్‌లో నూనె బావులు మండుతూనే ఉన్నాయి. ఆ పొగ సముద్రం మీదుగా మా దాకా వచ్చేది. గాలి అటునుంచి వీచిన రోజు మధ్యాహ్నమే లైట్లు వేసుకునేవాళ్లం. ఆరేసిన తెల్లబట్టల మీద నల్లటి నలుసులు పడితే మళ్లీ ఉతికేదాన్ని. మార్చిలో అలాంటి ఒక శుక్రవారం డ్రైవరు ఒక కట్ట ఉత్తరాలతో గలాలీ వంటింట్లోకి వచ్చాడు. రెండిళ్లకీ పోస్టు బాక్సు ఒకటే, బాబాది. ఆగిపోయిన ఉత్తరాలన్నీ ఒకేసారి వచ్చాయి. అందులో అక్కవి రెండున్నాయి.

అక్క చేతులు కడుక్కుని ఒకటి నాకు ఇచ్చింది. రెండోది తన ఒళ్లో పెట్టుకుంది. పైన ఎప్పటిలాగే 'క్షేమం' అని రాసి, కింద గీత గీసి ఉంది. చదివాను.

కొడుకు వచ్చాడు. డిసెంబరు ఆఖరున ఇల్లు చేరాడు. సరిహద్దు దగ్గర ఆసుపత్రిలో మూడు నెలలు కామెర్లతో పడి ఉన్నాడు. ఫోను నంబరున్న కాగితం చొక్కాతోపాటు ఎవరో ఉతికేశారు. బాగా నీరసించాడు, మందు ఇప్పిస్తున్నాం. నువ్వు మొదటి వారంలో వస్తున్నానని రాశావు కాబట్టి వేరే కబురు పెట్టలేదు. రోజూ పొద్దున్నే బస్సాగే చోటికి తీసుకెళ్లమని గొడవ చేస్తున్నాడు. అక్కడ అరుగు మీద కూర్చుంటున్నాడు. ఎందుకు ఆలస్యమైందో వెంటనే రాయి.

అక్క నేల మీద కూలబడి పెద్దగా నవ్వింది. డ్రైవరు బాబూ, నా కొడుకు ఇల్లు సేరాడు అని అరిచి, డబ్బాలోంచి గుప్పెడు ఖర్జూరాలు తీసి అతని చేతిలో పోసింది. అతను, గింత మంచి ముచ్చట గిప్పుడా చెప్పుడు అక్కా అంటూ ఒకటి నోట్లో వేసుకున్నాడు. ఆవిడ నా తల రెండు చేతులతో పట్టుకుని, నీ పుత్తకం పలికిందే, పలికింది అంది. నాకు ఒళ్లంతా తేలికైపోయింది. రెండున్నర నెలల్లో మొదటిసారి ఊపిరి లోపలిదాకా వెళ్లింది.

రెండో ఉత్తరం ఆవిడే విప్పింది. విప్పి, పై అంచు చూసి, ఆగిపోయింది.

"దీని మీద ఆ మాట లేదేంటే?"

ఆవిడకి అక్షరాలు రావు. కానీ ఎనిమిదేళ్లుగా ఇంటినుంచి వచ్చిన ప్రతి ఉత్తరం పైనా ఉన్న ఆ ఒక్క మాట రూపం తెలుసని నాకు అప్పుడే తెలిసింది. ఉత్తరం అందుకోగానే ఆవిడ ముందు చూసేది అదేనట. క్షేమం అని రాయడానికి వీల్లేని ఉత్తరం మీద మా వైపు ఏమీ రాయరు.

"సదువు" అంది. "ఉన్నది ఉన్నట్టు సదువు."

చదివాను. జనవరి ఆఖరు వారంలో పోయాడు. కామెర్లు తిరగబెట్టాయి, కాకినాడ తీసుకెళ్లినా లాభం లేకపోయింది. నువ్వు రావడం లేదన్న ఉత్తరం అంతకుముందే అందింది, వాడికి చూపించలేదు. కర్మ నేనే చేశాను. డ్రైవరు నోట్లోని ఖర్జూరం గింజ అరచేతిలోకి తీసుకుని, చప్పుడు చెయ్యకుండా బయటికి వెళ్లిపోయాడు. అక్క ఉత్తరం తీసుకుని పెరటి తలుపు దాటి వెళ్లి, గోడ పక్కన నిలబడి ముక్కలు ముక్కలుగా చింపింది. చావు కబురు ఇంట్లో ఉంచకూడదు. ఆ తర్వాతే ఏడ్చింది. పెద్దావిడ వచ్చి పక్కనే నేల మీద కూర్చుని, ఏదో ప్రార్థన చదువుతూ ఆవిడ చెయ్యి నిమిరింది. కాగితం సంగతి వదిలెయ్యి, విమానాలు మొదలవగానే పంపిస్తాను, వెళ్లిపో అంది. ఇప్పుడెళ్లి ఎవర్ని చూస్తాను అంది అక్క. ఆ మాట నేనే పెద్దావిడకి నాకొచ్చిన అరబ్బీలో చెప్పాల్సి వచ్చింది.

నేను చెప్పకుండా ఉండిపోయేదాన్నేమో. మూడు శుక్రవారాలు అలాగే ఉన్నాను. నా అబద్ధం అబద్ధం కాలేదు కదా, వాడు నిజంగానే ఇల్లు చేరాడు కదా అని డైరీలో రాసుకున్నాను. రాసి కొట్టేశాను.

నాలుగో శుక్రవారం ఆవిడ బియ్యం ఏరుతూ డ్రైవరుతో అంటోంది. పుస్తకం సరిగ్గానే చెప్పిందట. రైలు దిగాడు అని చెప్పింది. రైలు దిగేది ఊళ్లో గానీ ఇక్కడ కాదు కదా, ఇక్కడ రైలేది? ఆ మాత్రం తెలుసుకోలేక ఇక్కడ కూర్చున్నాను, తప్పు నాది అంటోంది. అతను, నీ తప్పు ఏం లేదక్కా అంటున్నాడు. ఆవిడ వినడం లేదు. రైలేది, ఇక్కడ రైలేది అని అదే మాట అంటోంది.

"అక్కా, ఆ రోజు అందులో అది లేదు" అన్నాను.

నా గొంతు నాకే వినపడలేదనుకున్నాను. ఆవిడకి వినపడింది. తలెత్తింది. ఉన్నది చెప్పాను. సైకిలూ, గేటూ, టోపీ. ఆ తండ్రి ఇంటికి రాలేదని చెప్పాను. ఆ పేజీ ఎందుకు తెరుచుకుందో కూడా చెప్పాను. భయపడి చెప్పలేదు అన్నాను. ఇంకా ఏదో అనబోయి, అది నన్ను నేను వెనకేసుకొచ్చే మాటలా ఉంటుందని ఆపేశాను.

ఆవిడ చేతిలోని బియ్యం గిన్నెలో వదిలేసింది.

"అంటే నువ్వు ఉన్నది సదివుంటే నేను ఎల్లుందును."

"అవునక్కా."

"ఆడు పోయాడనుకుని, ఏడుద్దామని ఎల్లి, ఆడిని సూసుందును."

ఆవిడ కాసేపు చేతులకేసి చూసుకుంది. తర్వాత, పప్పు పొంగుతోంది, మూత తియ్యి అంది.

ఆవిడ నన్ను తిట్టలేదు. తర్వాతి వారాల్లోనూ తిట్టలేదు. ఎప్పటిలా చేపల తలలు నాకిష్టమని వేరే తీసిపెట్టేది. పిల్లా అనే పిలిచేది. మేడం కోప్పడిందని నా మొహం చూసి కనిపెట్టి, ఏమైందని అడిగేది. నేను క్షమించమని అడగలేదు, అడిగితే ఆవిడ ఏదో ఒకటి అనాల్సి వస్తుందని.

మే నెలలో మళ్లీ తమ్ముడి ఉత్తరం వచ్చింది. డ్రైవరు దాన్ని తెచ్చి అలవాటుగా నాకివ్వబోయాడు. అక్క మధ్యలోనే చెయ్యి చాపి అందుకుంది. పై అంచు చూసుకుంది. ఉన్నట్టుంది, ఆ మాట. మళ్లీ అతని చేతికే ఇచ్చి, గడప మీద అతని పక్కన కూర్చుంది.

"నువ్వు సదువు బాబూ."

"నేనా అక్కా? నాకు సరిగ రాదు. చెల్లె ఉండంగ..."

"పర్లేదు. మెల్లిగానే సదువు."

అతను నావైపు చూశాడు. నేను గిన్నెలవైపు తిరిగాను. అతను గొంతు సవరించుకుని, వేలు కింద పెట్టుకుని మొదలుపెట్టాడు. అక్షరం అక్షరం విడివిడిగా పలికి, తర్వాత కలిపి, తప్పని తెలిసి మళ్లీ విడదీసి. గోదావరి మాటలు అతని నోట్లో వేరే మాటల్లా వినిపిస్తున్నాయి. నేనైతే రెండు నిమిషాల్లో చదివేసే ఉత్తరం. ఆవిడ తొందరపెట్టడం లేదు. ఒక్కో మాటకీ తల ఊపుతోంది. నేను కుళాయి సన్నగా తిప్పుకుని తోముతున్నాను.

ఒకచోట అతను ఆగిపోయాడు. రెండుసార్లు పలికాడు, మూడోసారి పలికాడు, కుదరలేదు. ఆ ముందు వాక్యాన్ని బట్టి ఆ మాటేదో నాకు తెలిసింది. అక్క నావైపు తిరగలేదు.

"ఉండు బాబూ, తొందరేం లేదు" అంది. "మళ్లీ మొదట్నించీ సదువు."